మందు తుంపర ఆకును చేరులోపల ఎంత మిగులును?



మన ఆత్మకూరు ప్రాంతమున మిరపకు, పత్తికి, కందికి, మొక్కజొన్నకు మందు చల్లని రైతు అరుదు. ట్యాంకులో ఎంత మందు పోసితిమో, ఎకరమునకు ఎన్ని ట్యాంకులు పట్టినవో, దుకాణమున ఎంత బాకీ నిలిచినదో మనకు లెక్క కలదు. నాజిల్ నుండి వెడలిన తుంపర ఆకుపై వాలులోపల ఎంత మిగిలినదను లెక్క మాత్రము మనలో ఎవరియొద్దను లేదు. ఈ సంచికలో ఆ లెక్కను గూర్చి వ్రాయదలచితిమి.

ఇప్పుడే వ్రాయుటకు కారణము కలదు. 2021లో డ్రోను నియమములు వెలువడిన పిమ్మట, 2023లో 15,000 మహిళా స్వయంసహాయక సంఘములకు డ్రోనుల నిచ్చు పథకమును కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన పిమ్మట, మన సంఘము కూడ ఒక డ్రోనును తెప్పించి సభ్యులకు బాడుగ కిచ్చిన బాగుండునని పలువురు కోరుచున్నారు. కోరిక మంచిదే. అయితే చేతిపంపుతో ఎకరమునకు సుమారు 200 లీటర్ల నీటిలో పోవు మందు, డ్రోనుతో సుమారు 10 లీటర్లలో పోవును. నీరు ఇరువదింట ఒక పాలునకు తగ్గుచున్నది, తుంపర సన్నబడుచున్నది, అది రాలు ఎత్తు పెరుగుచున్నది. ఈ మూడింటిని మన పొడిగాలితో కలిపి చూడక డ్రోను కొనుట మంచిదా కాదా యని తీర్మానించుట తొందరపాటు. పైగా 2021-22 సాగులో నల్ల తామర పురుగు మన రాష్ట్రమునందలి మిరపతోటలను పాడుచేసినప్పుడు మందుపై మందు చల్లిన రైతులెందరో కలరు. ఆ పురుగు పూవులలో దాగియుండునది. మందు మంచిదో చెడ్డదో తేల్చుటకు ముందు, అది పూవుదాక పోయినదా యను ప్రశ్న యుండెను. ఆ ప్రశ్నను అడిగినవారు తక్కువ.

మొదట తుంపర పరిమాణమును తెలిసికొందము. మిల్లీమీటరులో వేయవవంతును మైక్రాను అందురు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. నాజిల్ నుండి వెడలు తుంపరలన్నియు ఒకే కొలత గలవి కావు. 50 మైక్రానుల సన్నపువానినుండి 400, 500 మైక్రానుల లావుపాటివాని వరకు అన్నియు కలసియే వచ్చును. 400 మైక్రానుల బిందువు నొకదానిని పగులగొట్టిన, 100 మైక్రానుల బిందువులు 64 అగును. అన్నే ఆకుచోట్లు అదనముగా తడియుననుట నిజము. అందుకే సన్నతుంపర మంచిదని వ్యాపారులు చెప్పుదురు. వారు చెప్పనిది మరొకటి కలదు. నీరంతయు పైతొడుగునుండియే ఆవిరియగును. బిందువు చిన్నదగుకొలది, లోపలి నీటితో పోల్చిన పైతొడుగు ఎక్కువగును. కావున బిందువు అడ్డుకొలత సగమైనచో దాని ఆయువు సగము గాదు, పాతిక మాత్రమే యగును. అడ్డుకొలత మూడవవంతైన ఆయువు తొమ్మిదవవంతు. అడ్డుకొలత వర్గమునుబట్టి ఆయువు అను ఈ నియమమే తుంపరల శాస్త్రమునకు పునాది. 1918లో అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగ్‌మ్యూర్ చిన్న గోళముల ఆవిరిని గూర్చి దీనిని వివరించెను. 1950లలో ఇంజనులలో మండు చమురుబిందువులను గూర్చి పనిచేసినవారు దీనిని స్థిరపరచిరి.

ఆయువును నిర్ణయించు రెండవ విషయము గాలి. దీనికి గ్రంథములు చదువ నక్కరలేదు, ఇంటిలోని మట్టికుండ చాలును. మన ఊరిలో వేసవిలో కొత్తకుండలోని నీరు చల్లగా నుండును. అదే కుండను బందరులో పెట్టిన అంత చల్లబడదు. కుండ గోడనుండి ఊరిన నీరు ఆవిరియగుచు కుండలోని వేడిని లాగికొనును. గాలి పొడిగా నున్నచోట ఎక్కువగా లాగును, తేమగా నున్నచోట తక్కువగా లాగును. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ 1877లో తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఏల తక్కువ వేడిమి చూపునో వివరించినపుడు చెప్పినదియు ఇదే. రాలుచున్న తుంపర కూడ ఒక చిన్నకుండయే. గాలి 40 డిగ్రీల వేడిమి గలదైనను తుంపర 40 డిగ్రీలలో నుండదు. గాలిలో తేమ నూటికి 20 పాళ్లున్నచో అది సుమారు 23 డిగ్రీలకు చల్లబడి అచ్చటనే నిలుచును. మామూలు థర్మామీటరునకు, తడిగుడ్డ థర్మామీటరునకు అప్పుడుండు తేడా 17 డిగ్రీలు. కోస్తాలో 35 డిగ్రీల వేడిమి, 65 పాళ్ల తేమ గల గాలిలో ఆ తేడా సుమారు 6 మాత్రమే.

వేసవిలో ఎవరు మందు చల్లుదురు, చేలలో పైరే లేదు గదా యని మీరనవచ్చును. సరియే. మిరపకు, పత్తికి మందు చల్లు చలికాలమునే తీసికొందము. మధ్యాహ్నము 32 డిగ్రీలు, తేమ 35 పాళ్లు. మనకు చల్లగనే తోచును. అయినను తేడా 11 డిగ్రీలు. దేహమునకు హాయిగా నున్న పూట తుంపరకు హాయి యని తలపరాదు.

ఈ రెంటిని కలిపి విమానములతో మందు చల్లువారు ఒక సులభమైన సూత్రమును వాడుచు వచ్చిరి. మైక్రానులలో అడ్డుకొలతను దానితోనే గుణించి, వచ్చినదానిని థర్మామీటర్ల తేడాకు 80 రెట్లతో భాగించిన, బిందువు ఎన్ని సెకండ్లు బ్రతుకునో సుమారుగా తెలియును. ఉదయమున తేడా 3 డిగ్రీలనుకొందము. 100 మైక్రానుల బిందువునకు 10,000ను 240తో భాగింపగా సుమారు 42 సెకండ్లు. మధ్యాహ్నము తేడా 12 డిగ్రీలైన, 10,000ను 960తో భాగింపగా 10 సెకండ్లకు కొంచెము మించును. అదే మధ్యాహ్నము 50 మైక్రానుల బిందువు మూడు సెకండ్లు కూడ నిలువదు.

సెకండ్లు తెలిసిన చాలదు, ఆ సెకండ్లలో అది ఎంత దూరము దిగును? 100 మైక్రానుల బిందువు నిశ్చలమైన గాలిలో సెకండునకు సుమారు 27 సెంటీమీటర్లు మాత్రమే దిగును. చిక్కుకొలది ఇంకను మెల్లనగును. లెక్కవేసి చూచిన, ఆ మధ్యాహ్నపు గాలిలో నీరంతయు పోవులోపల అది మీటరున్నరకంటె తక్కువ దిగును. రెండు మీటర్ల ఎత్తునుండి విడిచినచో పైరును తాకదన్నమాట. 200 మైక్రానుల బిందువు మాత్రము మూడు సెకండ్లలోపల రెండు మీటర్లు దిగి, పదింట సుమారు ఒక పాలు నీటిని మాత్రమే పోగొట్టుకొని ఆకును చేరును. ఉదయమున నైన రెండును చేరును.

ఇంతవరకు మనము తుంపర యనగా నీరేయని లెక్కించితిమి. అది నిజము గాదు. ఆ తుంపరలో నీరు కలదు, మందు కలదు, మందును కరగించిన ద్రావకము కలదు, అంటుకొనుటకు కలిపిన సబ్బువంటి పదార్థము కలదు, ఒక్కొక్కప్పుడు వేపనూనెయు, యూరియాయు కలవు. ఇవన్నియు ఒకే వేగమున ఎగిరిపోవు. ఏది ముందు పోవును, ఏది వెనుక మిగులును అను దానిమీదనే మన డబ్బు నిలిచియున్నది.

దీనికి మీకు తెలిసిన సాక్ష్యములు రెండు. పెట్రోలుతో నడచు పవర్ స్ప్రేయరును నిరుటి పెట్రోలుతోనే ఈ ఏడు నడుపబోయిన, తాడు ఎన్నిసార్లు లాగినను మొండికెత్తును. పెట్రోలు ఒక పదార్థము గాదు, వందలకొలది పదార్థముల కలయిక; నిలువయుండగా తేలికవి ముందుగా ఎగిరిపోయినవి, మంటను పట్టించునవి ఆ తేలికవే. ఇక చెరకు గానుగ చూచినవారు రెండవదాని నెరుగుదురు. పెనములో రసము మొదట నీరువలెనే నూరు డిగ్రీలకు కొంచెము మీదుగా కాగును. నీరు పోయి పాకము చిక్కనగుకొలది అది కాగుటకు ఇంకను వేడి కావలెను. బెల్లము దించునప్పటికి సుమారు 118 డిగ్రీలకు చేరును. మిగిలిన నీటిని చక్కెర పట్టి నిలుపుచున్నందున అది సులభముగా లేచిపోదు. ద్రవములో ఒక పదార్థము పాలు ఎంత యుండునో, దాని ఆవిరియొత్తిడియు అంతే పాలునకు తగ్గునని ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు రౌల్ట్ 1880లలో కనుగొనెను. ఎల్ల మిశ్రమములును ఈ నియమమునకు సరిగా లొంగవుగాని, మొదటి లెక్కకు ఇదియే ఆధారము.

ఇప్పుడు మన తుంపరకు వత్తము. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు మందు కలిపి చేతిపంపుతో చల్లుచున్నామనుకొందము. ఐదువందల పాళ్లలో ఒక పాలు మందు. నీరంతయు పోయిన మిగులు మందుగుండు అడ్డుకొలత, మొదటిదానిలో సుమారు ఎనిమిదవవంతు. ఏలయన ఎనిమిదిని ఎనిమిదితోను మరల ఎనిమిదితోను గుణించిన 512 వచ్చును. అనగా 100 మైక్రానుల బిందువు 13 మైక్రానుల ధూళికణమగును. అదే మందును డ్రోనుతో చల్లునపుడు నీరు ఇరువదింట ఒక పాలేగనుక లీటరునకు 40 మిల్లీలీటర్లుండును. ఇరువదియైదు పాళ్లలో ఒక పాలు మందు. దాని మిగులు సుమారు మూడవవంతు, 34 మైక్రానులు. (మందుతోకూడ వచ్చిన ద్రావకమును ఎగరనిదానిగా లెక్కించి వ్రాసితిమి, అదియు కొంత ఎగిరిన మిగులు ఇంకను చిన్నదగును.)

ఈ రెండు అంకెల తేడా చిన్నదిగా తోచునుగాని చాల పెద్దది. 13 మైక్రానుల కణము నిశ్చలమైన గాలిలో ఒక మీటరు దిగుటకు మూడు నిమిషములకు మించి పట్టును. సెకండునకు రెండు మీటర్ల పిల్లగాలి వీచుచున్నచో ఆలోపల నాలుగువందల మీటర్లు పోవును. అది మన చేను దాటి, గట్టు దాటి, పక్కరైతు చేను దాటి, ఒక్కొక్కప్పుడు ఊరిలోనికే చేరును. 34 మైక్రానుల కణము అర నిమిషములో మీటరు దిగును. అరువది మీటర్లలోపల వాలును. కావున డ్రోను నీరు తగ్గించుటచేత తుంపర మొత్తము మాయమగునని భయపడుట తప్పు. చిక్కనిదగుటచేత అది కొంత మేలుగనే నిలుచును. కాని అరువది మీటర్లు కూడ తక్కువ దూరము గాదు. అందు పట్టుపురుగులకై పెంచిన మల్బరీ యుండవచ్చును, పశువుల మేత యుండవచ్చును, కలుపు తీయుచున్న కూలీలుండవచ్చును. మందు వృథాయగుట ఒక నష్టము; ఒకరి మందు ఇంకొకరి ముక్కులోనికి పోవుట అంతకంటె చెడ్డ నష్టము. ఆ నష్టము ఎవరి పద్దులోను వ్రాయబడదు.

ఇంతవరకు చేసిన లెక్క కాగితముమీద చేయదగినది. నిజమైన గాలి ఇంత సాధువు గాదు. డ్రోను రెక్కలు గాలిని క్రిందికి గట్టిగా నెట్టును. ఆ గాలితో తుంపర తానై దిగుదానికంటె చాల వేగముగా దిగును. ఇది మేలు. అదే గాలి నేలను తాకి పక్కలకు పొరలి, అంచులలో సుడులు తిరిగి సన్నతుంపరను మరల పైకి లేపును. ఇది కీడు. అంతేగాక వేలకొలది తుంపరలు ఒకేచోట ఆవిరియగునప్పుడు ఆ చోటి గాలియే తేమనొంది చల్లబడును. గుంపు నడుమ నున్న బిందువు ఒంటరి బిందువుకంటె మెల్లగా చిక్కును. ఒకదానినొకటి కాపాడుకొనునన్నమాట. ఇన్నింటిని కలిపి చేతితో లెక్కవేయుట అసాధ్యము. ఇందుకే కంప్యూటరు.

కంప్యూటరులో ఈ పని యిట్లు జరుగును. చేనిపై నున్న గాలిని లక్షలకొలది చిన్నగదులుగా విభజింతురు. ఒక్కొక్క గదిలో గాలి వేగమెంత, వేడిమి యెంత, తేమ యెంత యని వ్రాసికొందురు. పక్కగదులకు ఏమి పోయినది, ఏమి వచ్చినది యని సెకండులో వేయవవంతున కొకసారి కూడ లెక్కింతురు. బ్యాంకు శాఖల నడుమ జమాఖర్చులు సరిచూచుటవంటిదే. ఎక్కడను ఒక్క గ్రాము నీరు లెక్కతప్పరాదు. తుంపరలను మాత్రము ఒక్కొక్కదానిని గాక, ఒకే కొలత గలవానిని కట్టలుగా కట్టి, ప్రతి కట్టను విడిచిన చోటునుండి వాలిన చోటువరకు వెంబడింతురు. అడుగడుగున దాని వేడిమి, కొలత, అందలి పదార్థముల పాళ్లు మారును. అది విడిచిన ఆవిరి ఆ గదిగాలికి జమయగును. కదలుచున్న బిందువు నిలిచినదానికంటె ఎంత త్వరగా ఆవిరియగునో 1952లో రాంజ్, మార్షల్ అనువారు బిందువులను వ్రేలాడదీసి కొలిచి చెప్పిన సూత్రమునే నేటికిని ఈ సాఫ్టువేరులు వాడుచున్నవి. ఇట్టివానిలో ఓపెన్‌ఫోమ్ అనునది 2004 నుండి ఉచితముగా అందరికి దొరకుచున్నది. అమెరికా అటవీశాఖవారు విమానపు తుంపరలకై ఎగ్‌డిస్ప్ అను ప్రత్యేకమైన లెక్కను వాడుచున్నారు. అందు బిందువును ఆవిరియగు భాగము, ఆవిరికాని భాగము అని రెండుగా మాత్రమే చూతురు.

ఆ విభజన చాలునా? కొన్నిటికి చాలును, కొన్నిటికి చాలదు. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు, కొంచెము ఓపికతో చదువగోరుచున్నాము. నీరు పైతొడుగునుండి పోవును. పోయినకొలది పైన మందు చిక్కనగును. ఆ చిక్కదనము లోపలికి వ్యాపించుటకు వ్యవధి కావలెను. చక్కెరవంటి కరగిన పదార్థము 100 మైక్రానుల బిందువులో అంచునుండి నడుమకు చేరుటకు సుమారు 5 సెకండ్లు పట్టును. ఉదయమున ఆ బిందువు ఆయువు 42 సెకండ్లని చూచితిమి; లోపల వెలుపల సమముగా కలిసికొనుటకు కావలసినంత వ్యవధి కలదు. మధ్యాహ్నము ఆయువు 10 సెకండ్లు. కలిసికొనులోపల పైభాగము ఎండి, కాచిన పాలపై మీగడ కట్టినట్లు తొక్క కట్టవచ్చును. నీటిలో కరగక పొడిగా తేలు మందులైన వ్యాపించుట ఇంకను మెల్లన, తొక్క ఇంకను సులభము. తొక్క కట్టిన బిందువు లోపలి నీరు త్వరగా పోదు. ఆకుపై పడినను పరచుకొనదు, గింజవలె నిలుచును. ఒకే సీసా, ఒకే ట్యాంకు, ఒకే నాజిల్. ఉదయము వేరు, మధ్యాహ్నము వేరు. సాఫ్టువేరునకు "లోపల ఎల్లప్పుడు సమముగా కలిసియుండును" అని చెప్పి లెక్కవేయించువారు ఈ భేదమును చూడజాలరు. అట్లు చెప్పుట సులభము, లెక్క త్వరగా తెమలును. గనుక అట్లే చెప్పువారు ఎక్కువ.

ఇక గాలి లెక్క. కంప్యూటరు చెప్పినదని పటములు చూపి ఎవరైన డ్రోను అమ్మవచ్చిన, మొదట అడుగవలసిన ప్రశ్న యొకటే: ఏ గాలికి ఈ లెక్క వేసితిరి? తేడా 4 డిగ్రీలుండు చల్లని దేశపు గాలికి వేసిన పటము మన నల్లరేగడి చేలలో తేడా 12 డిగ్రీలున్న పూట పనికిరాదు. రెండవ ప్రశ్న: తుంపరను ఒట్టినీరుగా తలచితిరా, మందుతో కూడినదిగా తలచితిరా? ఒట్టినీటి లెక్కలో సన్నబిందువు మాయమై లెక్కనుండియే తప్పుకొనును. నిజమైన చేనిలో అది మాయము గాదు. మందుకణమై పక్కచేనికి పోవును. పటమున తెల్లగా నున్న చోటనే ప్రమాదమున్నదని దీని భావము.

లెక్క సరియో కాదో చేనిలోనే చూడవచ్చును. తడి తగిలినచోట పసుపునుండి నీలమునకు తిరుగు కాగితపు ముక్కలు దొరకును. వానిని మొక్క తలపైన, నడుమ, అడుగున, గట్టుమీద, గట్టుకు ఇరువది అడుగుల ఆవల గ్రుచ్చి, మందులేని ఒట్టినీటితో డ్రోనును ఒకమారు నడిపి చూడవలెను. ఉదయము ఒకమారు, మధ్యాహ్నము ఒకమారు. మిక్కిలి సన్ననివి కాగితముపై సరిగా కానరావు, మంచుపూట కాగితము తనంత తానే నీలమగును. ఈ రెండు లోపములను మనసునందుంచుకొని చూచిన చాలును. కొనుటకు ముందు ఈ పరీక్ష చేయించుమని మేము పాలకవర్గమువారిని కోరుచున్నాము.

కలుపుమందులలో 2,4-డి యనుదానిని గూర్చి వేరుగా చెప్పవలెను. మన ప్రాంతమున మొక్కజొన్న, జొన్న చేల పక్కనే పత్తిచేలు కలవు. పత్తి ఈ మందును ఏమాత్రము సహింపదు. కొంచెము సోకినను లేతాకులు ముడుచుకొని సన్నగా చేతివ్రేళ్లవలె చీలును. ఈ మందు మూడు రూపములలో అమ్ముడగుచున్నది: ఇథైల్ ఎస్టరు, అమైన్ లవణము, సోడియము లవణము. లవణములు ఇంచుమించుగా ఎగురనివి. ఎస్టరు మాత్రము తానే ఎగురునది. నీరు ఆవిరియైన తరువాత, ఆకుమీద, నేలమీద పడిన తరువాత, ఎండకు మరల ఆవిరియై లేచి పక్కచేనికి పోగలదు. "మేము గాలి లేనప్పుడే చల్లితిమి, తుంపర గట్టు దాటలేదు" అని చల్లినవాడు నిజమే చెప్పవచ్చును. "నా పత్తి చెడినది" అని పక్కవాడును నిజమే చెప్పుచుండవచ్చును. తుంపర దాటలేదు, ఆవిరి దాటినది. ఆవిరియగు భాగము, ఆవిరికాని భాగము అని రెండుగా మాత్రమే చూచి, మందును రెండవదానిలో వేసిన లెక్క ఈ తగవును తీర్చజాలదు. పత్తి సమీపమున ఎస్టరును వాడకుండుటయే తగవు రాకుండ చేయు మార్గము. వేపమందు సంగతి వేరు. దాని నూనె ఎగురదుగాని, అందలి పురుగును చంపు గుణము ఎండవెలుతురునకు చెడును. దానిని సాయంకాలము చల్లుటకు ఆవిరికంటె వెలుతురే ముఖ్యకారణము.

ఇక చేయవలసినది. రెండు థర్మామీటర్లను తెచ్చి సంఘపు గిడ్డంగి వసారాలో నీడన వ్రేలాడగట్టవలెను. ఒకదాని గుండుకు దూదివత్తిని చుట్టి, వత్తి కొనను నీటిసీసాలో నుంచవలెను. చూచుటకు ముందు రెండు మూడు నిమిషములు విసనకర్రతో విసరవలెను. విసరనిచో తేడా తక్కువగా చూపును. తేడా 2 మొదలు 8 వరకు ఉన్నచో మందు చల్లుటకు మంచిపూట. 8 దాటి 10 వరకు జాగ్రత్త; లావుతుంపర నాజిల్ వాడి, ఎత్తు తగ్గించవలెను. 10 దాటిన ఆపవలెను. ఆస్ట్రేలియా రైతులు ఈ అంకెలనే పాటింతురు. తేడా 2కు తగ్గినను మంచిది గాదు. అప్పుడు సన్నతుంపర ఎండదు, దిగదు, తేలుచుండును. తెల్లవారుజామున పొయ్యిపొగ పైకి లేవక ఊరిమీద చాపవలె పరచుకొనియుండుట మీరు చూచియుందురు. ఆ పొగ పైకి లేచువరకు డ్రోనును లేపరాదు.

ఇందులో సంఘమునకు ఒక చిక్కు కలదు. మంచిపూట రోజునకు ఉదయము రెండు మూడు గంటలు, సాయంకాలము ఒకటి రెండు గంటలు. డ్రోను ఒకటి, కోరువారు అనేకులు. ముందు వరుసలోనివారికి తేడా 4 ఉన్నపుడు చల్లి, చివరివానికి తేడా 13 ఉన్నపుడు చల్లి, ఇద్దరివద్దను ఒకే బాడుగ తీసికొనుట న్యాయము గాదు. చివరివాని మందు గాలిపాలగును, పురుగు మిగులును, వాడు మరల మందు కొనును. మరల కొన్న మందు బాకీయు సంఘపు పద్దులలోనికే వచ్చును. పెద్దచేనివారు ముందుగా వచ్చి ఉదయపు పూటలన్నిటిని పట్టుకొనుట కూడ జరుగగలదు. కావున వరుసను ఎకరములనుబట్టి గాక చీటివేసి నిర్ణయించి, ఈ మారు చివరనున్నవారు మరుమారు మొదట ఉండునట్లు చేయవలెను; తేడా 10 దాటగానే ఎవరి వంతైనను ఆ పూటకు ఆపి, మిగిలినవారిని సాయంకాలమునకు మార్చవలెను. ప్రతి చేనికి చల్లిన గంట, రెండు థర్మామీటర్ల అంకెలు, గాలి వీచిన దిక్కు ఒక పుస్తకమున వ్రాసియుంచిన, తరువాత పక్కచేనివారితో తగవు వచ్చినను, మందు పనిచేయలేదని దుకాణమువారితో మాటలు వచ్చినను అది సాక్ష్యముగా నుండును. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమువారిని సలహా అడుగబోవునప్పుడు "మందు చల్లితిమి, పోలేదు" అనుటకంటె ఆ పుస్తకమును చూపుట మేలు.

మందు ఎండకుండ బెల్లపునీరు కలుపవచ్చునా యని కొందరడిగిరి. విమానములతో చల్లునపుడు కొన్ని దేశములలో మడ్డిబెల్లమును కలిపినమాట నిజమే. పైన చెప్పిన పాకపు న్యాయమున అది నీటిని పట్టి నిలుపును. అయినను సీసాపై వ్రాయనిదానిని ట్యాంకులో కలుపుటకు మేము సమ్మతింపము. డ్రోను నాజిల్ రంధ్రము సన్నది, పూడుకొనును. చిక్కదనము మారిన తుంపర కొలతయు మారును. నీటిని నిలుపుటకు పూటను మార్చుటకంటె చౌకయైనది లేదు.

థర్మామీటరు వత్తిని వారమునకొకసారి మార్చవలెను. సీసాలో వాననీరు గాని, కాచి చల్లార్చిన ఆవిరినీరు గాని పోయవలెను. మన బోరునీరు పలుచోట్ల ఉప్పన. నీరు పోయి ఉప్పు మిగిలి వత్తి గట్టిపడి, లోపలి తడి పైకి రాక, 12 ఉన్న తేడాను 9గా చూపవచ్చును.